క్రమరహిత ప్రోటీన్ భాగాలు: అనంతపురం ఉలవ, వేరుశనగల్లో జన్యు నియంత్రణ

ప్రోటీన్ గొలుసులో కొన్ని భాగాలు ఒక స్థిరమైన ఆకారంలోకి ముడుచుకోవు. నిలకడ లేకుండా కదులుతూ, ఆ కదలికతోనే పని చేస్తాయి. వీటిని క్రమరహిత భాగాలంటారు. కణంలో ఏ జన్యువు ఎప్పుడు మేల్కోవాలో, ఎప్పుడు ఊరుకోవాలో నిర్ణయించే అనులేఖన కారకాల్లో, అంటే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లలో, ఇవి విస్తారంగా ఉంటాయి. ఎముక మజ్జలోని మూలకణం రోగనిరోధక కణంగా మారడంలో వీటి పాత్ర స్పష్టంగా తేలింది. నీరందని మొక్క తన జీవక్రియను బెట్టకు తగ్గట్టు మార్చుకోవడంలోనూ ఇదే తరహా యంత్రాంగం కనిపిస్తుంది. తెలుగు ప్రాంతంలో ఇలాంటి కారకాలను పంట మొక్కలోకి చొప్పించి పరీక్షించిన చోట్లలో రెండింటిని ముఖ్యంగా చెప్పుకోవాలి: అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ. మొదటిచోట జన్యువు ఉలవ నుంచి వచ్చింది, రెండోచోట ఆవ కుటుంబానికి చెందిన అరబిడోప్సిస్ అనే చిన్న మొక్క నుంచి. రెండుచోట్లా దాన్ని అందుకున్న పంట వేరుశనగ.

ఆకారం మీద నమ్మకం

ఎంజైమూ అది పట్టుకునే పదార్థమూ తాళమూ తాళంచెవిలా ఒకదానికొకటి సరిపోవాలని ఎమిల్ ఫిషర్ 1894లో ప్రతిపాదించాడు. 1958లో జాన్ కెండ్రూ బృందం మయోగ్లోబిన్ ఆకారాన్ని ఎక్స్-కిరణాలతో చూపించాక ఆ ఊహకు బలం చేకూరింది. ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగలేదో లెక్కగట్టిన పటాన్ని 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్ బృందం వెలువరించింది. దాన్ని నేటికీ ప్రపంచమంతా రామచంద్రన్ పటమనే పిలుస్తోంది. అమైనో ఆమ్లాల వరుసే ప్రోటీన్ ఆకారాన్ని నిర్ణయిస్తుందని చూపినందుకు క్రిస్టియన్ అన్‌ఫిన్సెన్ 1972లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. వరుస ఆకారాన్నిస్తుంది, ఆకారం పనినిస్తుంది అన్నది పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది.

ఈ లెక్కలో ఇమడని సంగతులు మొదటినుంచీ ఉన్నాయి. స్ఫటికంలో కదిలే భాగం ఎక్స్-కిరణ చిత్రంలో నమోదు కాదు. అక్కడ ఖాళీ మిగులుతుంది. స్ఫటికం రావడం లేదంటే ఆ అస్థిరమైన కొసను కత్తిరించి, మిగతా భాగానికి స్ఫటికం కట్టించడం ప్రయోగశాలల్లో మామూలు పద్ధతి. అడ్డమని పారేసిన ఆ కొసలోనే పని ఉందన్న గ్రహింపు ఆలస్యంగా వచ్చింది. పీటర్ రైట్, జేన్ డైసన్‌ల 1999 నాటి సమీక్ష ఈ మలుపుకు గుర్తుగా నిలిచింది. కీత్ డంకర్, వ్లదిమీర్ ఉవెర్‌స్కీ వంటివారు ఇదే కాలంలో ఏ వరుసలు ముడుచుకోవో ముందుగా అంచనా వేసే పద్ధతులు తయారుచేశారు. వాటి ఆధారం సరళమైనది. నీటికి దూరంగా లోపలికి ఒదిగిపోయే ట్రిప్టోఫాన్, ఐసోల్యూసిన్, వేలిన్ వంటి అమైనో ఆమ్లాలు తక్కువగా, ప్రోలిన్, సెరిన్, గ్లుటమిక్ ఆమ్లం వంటివి ఎక్కువగా ఉన్న వరుస సాధారణంగా ముడుచుకోదు. ఆ లెక్కన చూస్తే నిజకేంద్రక జీవుల అనులేఖన కారకాల్లో నూటికి ఎనభైకి పైగా పొడవైన క్రమరహిత భాగాలున్నవే. 2021లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ కార్యక్రమం లక్షల ప్రోటీన్ల ఆకారాలను అంచనా వేసింది కానీ, ఈ భాగాల దగ్గరికొచ్చేసరికి తన అంచనా మీద తనకే నమ్మకం తక్కువని చూపిస్తుంది. ఆ తక్కువ అంకెనే ఇప్పుడు పరిశోధకులు క్రమరాహిత్యానికి సూచికగా వాడుకుంటున్నారు.

కొస చేసే పని

అనులేఖన కారకంలో స్థూలంగా రెండు భాగాలుంటాయి. ఒకటి డీఎన్ఏను పట్టుకునే భాగం. దీనికి గట్టి ఆకారం ఉంటుంది, పరిణామంలో పెద్దగా మారదు. రెండోది జన్యువును పనిచేయించే భాగం. ఇది చాలావరకు క్రమరహితం, జాతి జాతికీ ఇట్టే మారిపోతుంది. మనం తోక అని పిలుచుకోదగిన ఈ రెండో భాగం మూడు రకాలుగా ఉపయోగపడుతుంది.

మొదటిది, భాగస్వామి దొరికినప్పుడు ముడుచుకోవడం. క్రెబ్ అనే కారకపు తోక ఒంటరిగా ఉన్నప్పుడు వదులుగా ఉంటుంది. సీబీపీ అనే ప్రోటీన్‌ను తాకగానే మెలికలుగా చుట్టుకుంటుంది. 1997లో ఈ జంట నిర్మాణం వెలువడింది. ముందే గట్టిపడి ఉంటే ఒకే భాగస్వామికి సరిపోయేది, వదులుగా ఉంది కాబట్టి వేర్వేరు ప్రోటీన్లతో వేర్వేరుగా కలవగలదు.

రెండోది చాలామంది ఊహించనిది. డీఎన్ఏ మీద ఎక్కడ వాలాలో కూడా తోకే కొంతవరకు నిర్ణయిస్తుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో నామా బర్కాయ్ బృందం ఈస్ట్‌లోని ఎంఎస్ఎన్2, యాప్1 అనే కారకాలతో 2020లో దీన్ని చూపింది. డీఎన్ఏను పట్టుకునే భాగాన్ని యథాతథంగా ఉంచి క్రమరహిత భాగాన్ని తీసేస్తే, కారకం తన అసలు చోట్లను గుర్తుపట్టలేకపోయింది. ఎంఎస్ఎన్2 ఈస్ట్‌కు ఒత్తిడి ఎదురైనప్పుడు పనిచేసే కారకం కావడం బెట్ట గురించి ఆలోచించేవారు గమనించాల్సిన సంగతి.

మూడోది గుమిగూడటం. బలహీనమైన ఆకర్షణలతో ఇలాంటి తోకలెన్నో ఒకచోట చేరి, కేంద్రకంలో ద్రవబిందువుల్లాంటి గుంపులు కడతాయని 2018లో రిచర్డ్ యంగ్, ఫిలిప్ షార్ప్ తదితరుల పరిశోధనలు ప్రతిపాదించాయి. ఈ బిందువుల విషయంలో ఉత్సాహం సాక్ష్యం కంటే ముందు పరుగెత్తిందనే చెప్పాలి. కణంలో సహజంగా ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రోటీన్‌ను తయారుచేయించి, మైక్రోస్కోపులో చుక్కలు కనబడ్డాయని చెప్పిన పత్రాలు చాలా ఉన్నాయి. తోక పనికి సాక్ష్యంగా చుక్క కనబడటం చాలదు. తోకను తీసేసినప్పుడు ఏ జన్యువు ఆగిపోయిందన్నదే అసలు పరీక్ష.

రోగనిరోధక కణాల్లో

ఆ అసలు పరీక్ష శ్రద్ధగా జరిగింది రోగనిరోధక కణాల్లోనే. రక్తంలోని ఎర్ర కణాలు, తెల్ల కణాలు అన్నీ ఒకే మూలకణం నుంచి వస్తాయి. తెల్ల కణాలన్నింటిలో డీఎన్ఏ దాదాపు ఒకటే. తేడా అంతా ఏ జన్యువులు తెరుచుకున్నాయన్నదానిలో ఉంది.

ప్రతిరక్షకాలను తయారుచేసే బి-కణాలకు ఈబీఎఫ్1 అనే కారకం కావాలి. అది లేని ఎలుకల్లో బి-కణాల అభివృద్ధి మొదట్లోనే ఆగిపోతుందని రుడాల్ఫ్ గ్రోషెడల్ బృందం 1995లో చూపింది. ఇది ఎలా పనిచేస్తుందో తేలడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. మూలకణంలో బి-కణ జన్యువులున్న చోట డీఎన్ఏ గట్టిగా చుట్టుకుని మూసుకుపోయి ఉంటుంది. మూసి ఉన్న ఆ చోట్లను తెరవాలంటే ఈబీఎఫ్1కు దాని చివరి భాగం అవసరమని 2016లో తేలింది. ఆ చివరి భాగంలోని ప్రియాన్ తరహా (తేలిగ్గా గుమిగూడే) క్రమరహిత వరుస ఎఫ్‌యూఎస్ అనే మరో ప్రోటీన్‌తో కలిసి గుమిగూడుతుందని, డీఎన్ఏ చుట్లను సడలించే యంత్రాంగాన్ని అక్కడికి రప్పిస్తుందని 2020లో అదే బృందం చెప్పింది.

టి-కణాల కథ కూడా ఇలాంటిదే. 1991లో హాన్స్ క్లెవెర్స్ బృందం గుర్తించిన టీసీఎఫ్-1 అనే కారకం, థైమస్ గ్రంథిలోకి వచ్చిన కణాన్ని టి-కణపు దారిలో పెడుతుందని 2011లో తేలింది. 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గోల్నాజ్ వాహెది బృందం ఈ కారకంలోని క్రమరహిత భాగాన్ని తొలగించి చూసింది. డీఎన్ఏను పట్టుకునే భాగం చెక్కుచెదరకుండా ఉన్నా, కణాలు టి-కణపు దారిని నిలుపుకోలేక ఇతర కణాల లక్షణాలు చూపించాయి. కారకం ఉంటే చాలదు, దాని తోకా ఉండాలి.

తోక తప్పుడు చోట అతుక్కుంటే ఏమవుతుందో రక్త క్యాన్సర్లు చూపిస్తాయి. కొన్ని ల్యుకేమియాల్లో కేంద్రక ద్వారంలో ఉండే ఎన్‌యూపీ98 ప్రోటీన్‌లోని క్రమరహిత భాగం, హోక్స్ఏ9 అనే కారకంలోని డీఎన్ఏ పట్టుతో కలిసిపోతుంది. ఆ కలయిక గుంపులు కట్టి జన్యువులను తప్పుగా మేల్కొలుపుతుందని 2021లో వెల్లడైంది.

మొక్కకు రక్తం లేదు, తిరిగే కణాలూ లేవు. కానీ ఒకే డీఎన్ఏతో పరిస్థితిని బట్టి వేరే జన్యువులను తెరవాల్సిన అవసరం దానికీ ఉంది. తెరిచే కారకాల కట్టుబడి కూడా అదే: గట్టి పట్టు, వదులు తోక.

బెట్ట నేల

పశ్చిమ కనుమల చాటున పడి నైరుతి వానలు సగం దక్కక, తూర్పు తీరానికి దూరమై ఈశాన్య వానలూ అంతంతమాత్రంగా అందే పీఠభూమి అనంతపురం. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటు కూడా మోసమే. పడాల్సిన వాన పడాల్సిన రోజుల్లో పడదు. లోతు తక్కువైన ఎర్రనేల కాబట్టి పడిన తేమ ఎక్కువ రోజులు నిలవదు. జూన్, జులైల్లో పదును దొరికితే వేరుశనగ విత్తుతారు. పూత బాగానే వస్తుంది. ఊడలు నేలలోకి దిగే దశలో, గింజ కట్టే దశలో మూడు నాలుగు వారాలు వాన ముఖం చాటేస్తే ఆకు పచ్చగా కనిపిస్తున్నా కాయ ఉండదు. గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లో వేరుశనగ ఈ జిల్లాను ఒకే పంట జిల్లాగా మార్చేసింది. దేశంలో మరే జిల్లా ఇంత విస్తీర్ణంలో ఈ పంట వేయలేదు. శెనక్కాయ పోయిన ఏడాది ఇంట్లో అన్నీ పోయినట్టే లెక్క.

విత్తే అదను దాటిపోయినప్పుడు రైతు చూపు ఉలవ మీదికి పోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో చల్లినా, తర్వాత రెండు వానలు పడితే గింజా గొడ్లకు కట్టె మేతా చేతికొస్తాయి. ఉలవ తట్టుకున్నచోట వేరుశనగ ఎందుకు తట్టుకోలేదన్న ప్రశ్న ఈ నేలలోనే పుట్టదగినది.

నీరు తగ్గగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. తర్వాత గంటల వ్యవధిలో వందల జన్యువులు తెరుచుకుంటాయి. వాటిని తెరిచే కారకాల కుటుంబాల్లో డ్రెబ్, నాక్, డబ్ల్యుఆర్‌కేవై అన్నవి ఇక్కడి పరిశోధనలకు సంబంధించినవి.

ఉలవ జన్యువు వేరుశనగలో

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగంలో చింతా సుధాకర్ బృందం ఉలవ నుంచి ఎంయు-నాక్4 అనే జన్యువును తీసి వేరుశనగలో చొప్పించింది. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. మార్పు చేసిన మొక్కలకు బెట్టలో పక్కవేళ్లు ఎక్కువగా వచ్చాయి, కణాల పొరలకు జరిగే నష్టం తగ్గింది. అదే విభాగం 2018లో ఉలవ నుంచే తీసిన ఎంయు-డబ్ల్యుఆర్‌కేవై3 కారకంతో ఇలాంటి ప్రయోగమే చేసింది. నీరు ఆపేసినప్పుడు ఆ మొక్కలు మామూలు మొక్కల కంటే తక్కువగా వడలాయి. కణంలో నీటిని నిలిపే ప్రోలిన్ పెరిగింది, కొవ్వు పొరలు చెడినప్పుడు పుట్టే మలోన్‌డైఆల్డిహైడ్ తగ్గింది.

నాక్ కారకం లోపలికి కాస్త తొంగిచూద్దాం. గొలుసు మొదట్లో సుమారు 160 అమైనో ఆమ్లాల భాగం డీఎన్ఏను పట్టుకుంటుంది. 2004లో అరబిడోప్సిస్‌లోని ఏనాక్019 కారకానికి చెందిన ఈ భాగపు స్ఫటిక నిర్మాణాన్ని కోపెన్‌హేగన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. నాక్ కుటుంబమంతటిలో ఇది దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ తర్వాత మిగిలిన గొలుసంతా తోక. వరుసలు పోల్చి చూస్తే ఒక నాక్ తోకకూ మరో నాక్ తోకకూ పెద్దగా పోలిక ఉండదు. కోపెన్‌హేగన్‌లోనే కారెన్ స్క్రీవర్ బృందం బార్లీలోని ఒక నాక్ కారకాన్ని పరిశీలించి, దాని క్రమరహిత తోక ఆర్‌సీడీ1 అనే మొక్కల ప్రోటీన్‌ను పట్టుకుంటుందని 2011లో చూపింది. తోక అంతా పట్టుకోదు. దానిలోని ఒక చిన్న వరుస మాత్రమే తాకుతుంది, మిగతాదంతా వదులుగానే ఉండిపోతుంది.

ఇక్కడే అనంతపురం ప్రయోగాల విలువా వాటి హద్దూ రెండూ కనిపిస్తాయి. ఉలవ కారకం వేరుశనగలో పనిచేసిందంటే దాని పట్టు వేరుశనగ డీఎన్ఏను గుర్తించిందని, తోకకు వేరుశనగ కణంలో పనికొచ్చే భాగస్వాములు దొరికారని అనుకోవచ్చు. రెండూ చిక్కుడు కుటుంబపు మొక్కలే కాబట్టి ఇందులో వింత లేదు. కానీ ఆ ప్రయోగాలు కొలిచింది మొత్తం కారకం మొక్కకిచ్చిన ఓర్పును. తోకను మాత్రమే మార్చి, ఉలవ పట్టుకు వేరుశనగ తోకను అతికించి, ఓర్పు ఎటు పోతుందో చూడటం వేరే ప్రయోగం. బి-కణాల్లో గ్రోషెడల్ బృందం వేసిన అడుగు అలా తోకను విడిగా పరీక్షించడమే. బెట్ట పంటల పరిశోధనకు తర్వాతి మెట్టు కూడా అదే కావాలి. ఉలవకు ప్రత్యేకమైనదేదైనా ఉంటే, అది అందరిలో ఒకేలా ఉండే పట్టులో దొరికే అవకాశం తక్కువ.

పటాన్‌చెరు డ్రెబ్

 ఇక్రిశాట్‌లో పూజా భట్నాగర్-మాథుర్, విన్సెంట్ వదేజ్, కిరణ్ శర్మ తదితరులు జేఎల్ 24 అనే వేరుశనగ రకంలోకి డ్రెబ్1ఏ జన్యువును చొప్పించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆ జన్యువును జపాన్‌లో కజువో షినోజాకి, కజుకో యమగుచి-షినోజాకి బృందాలు 1998లో గుర్తించాయి. సొంత మొక్క అరబిడోప్సిస్‌లో డ్రెబ్1ఏను మేల్కొలిపేది ప్రధానంగా చలి. అయినా అది వాలే డీఎన్ఏ వరుసా బెట్టలో పనిచేసే డ్రెబ్2 కారకాలు వాలే వరుసా ఒకటే కావడంతో కరువు పంటకు పనికొచ్చింది.

దీన్ని ఎప్పుడూ తెరిచే ఉంచితే మొక్క గిడసబారుతుందని 1999లోనే తేలింది. అందుకని నీరు తగ్గినప్పుడు మాత్రమే జన్యువును తెరిచే ఆర్‌డీ29ఏ ప్రమోటర్‌ను ముందు పెట్టారు. ఫలితంగా కొన్ని వేరుశనగ మొక్కలు తాగిన నీటికి ఎక్కువ పెరుగుదల చూపించాయి. ఆర్‌డీ2 అని పేరుపెట్టిన సంతతిలో నీటి ఎద్దడి కింద ఈ సామర్థ్యం మామూలు మొక్క కంటే 40 శాతం ఎక్కువ. 2014లో ప్రచురించిన పత్రం పొలంలో బెట్ట పెట్టి చూసినప్పుడు దిగుబడి కూడా మెరుగుపడిందని చెప్పింది.

డ్రెబ్ కుటుంబంలో తోక పాత్ర బాగా తెలిసింది డ్రెబ్2ఏ విషయంలో. మొక్కకు నీరు సరిపడా ఉన్నప్పుడు ఈ ప్రోటీన్ తయారైన కాసేపటికే నాశనమైపోతుంది. 136 నుంచి 165 దాకా ఉన్న 30 అమైనో ఆమ్లాల ముక్కను తీసేస్తే అది నిలబడి, ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని 2006లో జపాన్ బృందం కనుక్కుంది. గొలుసు చివర ఇంకో చిన్న వరుస ఉంది. బార్లీ నాక్ తోక పట్టుకున్న ఆర్‌సీడీ1నే ఇదీ పట్టుకుంటుంది. వేడి తగిలినప్పుడు ఆర్‌సీడీ1 తగ్గిపోతుంది, ఆ వరుస లేని డ్రెబ్2ఏ రూపాన్నీ మొక్క తయారుచేసుకుంటుంది. అనులేఖన యంత్రాంగంతో కారకాలను కలిపే మీడియేటర్ సంక్లిష్టంలోని మెడ్25తో కలిసే శక్తీ ఈ కారకానికి ఉంది. ఒకే కారకంలో ఆపే ముక్క, కలిపే ముక్క, నాశనానికి గుర్తుపెట్టే ముక్క పక్కపక్కనే ఉండటానికి ఆ భాగం గట్టిపడకపోవడమే వీలు కల్పించింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2014లో డ్రెబ్2ఏతో పాటు మరో రెండు కారకాలను కలిపి వేరుశనగలో చొప్పించి, బెట్టకూ ఉప్పుకూ ఓర్పు పెరిగిందని చూపింది.

గింజలో నీటి లెక్క

అనులేఖన కారకాలు కాకపోయినా, బెట్టతో సంబంధమున్న క్రమరహిత ప్రోటీన్లు మరికొన్ని ఉన్నాయి. గింజ ఎండే దశలో కుప్పగా తయారయ్యే లియా ప్రోటీన్లను 1981లో లియన్ డ్యూర్ బృందం పత్తి గింజల్లో గుర్తించింది. వీటిలో చాలావరకు నీటిలో ఆకారం లేకుండా ఉంటాయి, ఎండిపోయినప్పుడు మెలికలు తిరుగుతాయి. గింజలోని మిగతా ప్రోటీన్లు, పొరలు చెడకుండా ఇవి కాపాడతాయి. 2021లో వెలువడిన ఫ్లో1 పరిశోధన మరీ ఆసక్తికరం. ప్రియాన్ తరహా వరుస ఉన్న ఈ ప్రోటీన్ గింజ నీరు పీల్చుకున్నప్పుడు బిందువులుగా గుమిగూడుతుంది, ఎండితే విడిపోతుంది. నీరు చాలని నేలలో మొలకెత్తాలా ఆగాలా అన్న నిర్ణయంలో దానికి భాగముంది. అరబిడోప్సిస్‌లో చేసిన పని ఇది. పదును చాలక మొలక మాడిపోయిన చేను చూసిన రైతుకు దీని ప్రాముఖ్యం విడమరిచి చెప్పనక్కర్లేదు.

పొలం దాకా

జన్యుమార్పిడి వేరుశనగ ఏదీ భారతదేశంలో రైతు చేతికి రాలేదు. ఇక్కడ వాణిజ్యపరంగా సాగవుతున్న జన్యుమార్పిడి పంట 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. అనంతపురం పొలాల్లో మార్పు తెచ్చింది మామూలు సంకరణ పద్ధతులే. తిండివనంలో 1940లో విడుదలైన టీఎంవీ 2 దశాబ్దాల తరబడి ఇక్కడ రాజ్యమేలింది. తర్వాత కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు, ఇక్రిశాట్ నుంచి త్వరగా కోతకొచ్చే ఐసీజీవీ 91114 వచ్చాయి. వీటిని ఎంపిక చేసింది చేలో నిలిచిన కాయను చూసి, తోకలను చూసి కాదు. వేరుశనగ పూర్వీకుల జన్యుపటాలు 2016లో, సాగు వేరుశనగ జన్యుపటం 2019లో వెలువడ్డాయి కాబట్టి, కదిరి రకాలకూ టీఎంవీ 2కూ మధ్య నాక్, డ్రెబ్ తోకల వరుసల్లో తేడాలున్నాయేమో ఇప్పుడు జన్యువు చొప్పించకుండానే వెతకవచ్చు. అలాంటి తేడా దొరికితే దాన్ని సంకరణంతోనే కొత్త రకంలోకి తేవచ్చు. దానికి జన్యుమార్పిడి అనుమతుల అవసరమే రాదు.